మైక్రో యూఎస్‌బీ పోర్ట్ ఊడొచ్చింది, వీబస్ (5 వోల్టులు వచ్చే) ప్యాడ్ కూడా లేచిపోయినట్టుంది. ఏం చేయొచ్చు?

కొత్త_ఐరన్

అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్. కేబుల్‌ని ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ లైట్ వెలిగేది. నిన్న కేబుల్ లాగితే పోర్ట్ కూడా దానితోపాటే ఊడి వచ్చింది. విప్పి చూస్తే ఇదీ పరిస్థితి.

పోర్ట్ కింద ఉండే ఐదు సన్నటి ప్యాడ్లలో ఒక చివరిది లేదు. దాంతోపాటు ఓ 2 మి.మీ. ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) కూడా చిరిగి, పోర్ట్ కాలికే అంటుకుని వేలాడుతోంది. మిగతా నాలుగు బాగానే మెరుస్తున్నాయి. పోర్ట్ రేకు కాళ్లు దిగే రంధ్రాలు రెండు. ఒకదాని చుట్టూ పైవైపు రాగి లేచిపోయింది, కిందివైపు ఉంది. రెండోది లెడ్‌తో, అంటే సోల్డర్‌తో, మూసుకుపోయింది. పోర్ట్‌కి అంగుళం దూరంలో ఎనిమిది కాళ్ల ఐసీ, దాని మీద 4056 అని ఉంది. బ్యాటరీ 3.7 వోల్టుల 1200 ఎంఏహెచ్ పౌచ్, రెండు వైర్లూ నేరుగా బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నాయి.

నా దగ్గర ఉన్నవి: 25 వాట్ల సోల్డ్రాన్ ఐరన్, డిజిటల్ మల్టీమీటర్, 60/40 లెడ్, చిన్న డబ్బాలో సోల్డరింగ్ పేస్ట్ (ఫ్లక్స్). హాట్ ఎయిర్ లేదు.

ప్యాడ్ లేని చోట వైర్ వేస్తే సరిపోతుందా? హాట్ ఎయిర్ లేకుండా కొత్త పోర్ట్ వేయగలనా? ఎలాగూ మారుస్తున్నాం కదా, టైప్‌-సి వేసేస్తే ఎలా ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

---

రాగితీగ

పోర్ట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు బ్యాటరీ తీయండి. పౌచ్ సెల్ బోర్డుకి అంటుకుని ఉండగా ఐరన్ పెట్టొద్దు. బిట్ జారి రెండు చోట్ల తగిలినా, లెడ్ చుక్క పడినా సెల్ షార్ట్ అవుతుంది. రెండు వైర్లనీ ఒకేసారి కట్టర్‌తో కత్తిరించడం ఇంకా ప్రమాదం, కట్టర్ రేకే రెండిటినీ కలిపేస్తుంది. ఒక్కో వైర్‌నీ విడిగా డీసోల్డర్ చేసి, ఊడదీసిన వెంటనే దాని కొనకి టేప్ చుట్టి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్లండి. ఎరుపు, నలుపు ఏది ఎక్కడుందో ముందే ఫొటో తీసుకోండి.

సెల్ వోల్టేజ్ ఎంతుందో అప్పుడే రాసిపెట్టుకోండి. 3 వోల్టులకి పైన ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మీటర్ 0 చూపిస్తే సెల్ చచ్చిందని వెంటనే అనుకోవద్దు. పసుపు టేప్ కింద ఉండే ప్రొటెక్షన్ బోర్డు అవుట్‌పుట్ కోసేసి ఉండొచ్చు, ఛార్జింగ్ అందగానే మళ్లీ తెరుచుకుంటుంది. సెల్ ఉబ్బి ఉంటే మాత్రం పోర్ట్ బాగుచేసే ముందే దాన్ని మార్చాలి.

ఇక పోర్ట్. మైక్రో యూఎస్‌బీలో వరసగా 1 వీబస్ అంటే 5 వోల్టులు, 2 డీ−, 3 డీ+ (ఈ రెండూ డేటావి), 4 ఐడీ, 5 గ్రౌండ్. ఛార్జింగ్‌కి కావాల్సినవి రెండు చివర్లే. నడుమ మూడూ చాలా స్పీకర్లలో ఎక్కడికీ వెళ్లవు. కంప్యూటర్‌కి పెడితే సౌండ్ కార్డులా పనిచేసే రకమైతే 2, 3 నుంచి సన్న ట్రాకులు జంటగా బ్లూటూత్ ఐసీ దాకా వెళ్తుంటాయి, కంటికే కనిపిస్తాయి.

మీకు పోయిన చివరి ప్యాడ్ వీబస్సా, గ్రౌండా అన్నది ఊహించొద్దు, మీటర్‌ని బీప్‌లో పెట్టి చూడండి. బ్యాటరీ నలుపు వైర్ ఉన్న చోట ఒక ప్రోబ్, మిగిలి ఉన్న చివరి ప్యాడ్ మీద రెండోది. బీప్ వస్తే అది గ్రౌండ్, పోయింది వీబస్. అది కూడా మొత్తం ట్రాక్‌తో లేచింది కాబట్టి వీబస్ అయ్యే అవకాశమే ఎక్కువ. గ్రౌండ్ ప్యాడ్‌ని చుట్టూ ఉన్న రాగి పట్టుకుని ఉంటుంది, వీబస్‌ది ఒంటరి ట్రాక్.

తర్వాత ఆ ట్రాక్ ఎక్కడికి వెళ్లేదో చూడాలి. 4056 అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఐసీ. దాని మీద చుక్క ఉన్న కాలు 1, అక్కడి నుంచి గడియారానికి ఎదురు దిశలో లెక్క. 2 ఛార్జింగ్ కరెంట్ ఖరారు చేసే కాలు, 3 గ్రౌండ్, 4 ఇన్‌పుట్, 5 బ్యాటరీ, 8 ఎనేబుల్, అంటే ఐసీని ఆన్ చేసేది. మనకి కావాల్సింది 4. 8ని సాధారణంగా 4తోనే కలిపేస్తారు, బీప్ వస్తే రెండూ ఒకటే.

ఐసీ కాలి మీద వైర్ సోల్డర్ చేయడం కంటే దాని ఇన్‌పుట్ కెపాసిటర్ చివర మీద చేయడం తేలిక. 4వ కాలి పక్కనే గోధుమరంగు చిన్న కెపాసిటర్ ఉంటుంది, ఒక చివర గ్రౌండ్‌కి, ఒక చివర 4కి బీప్ వస్తుంది. కానీ పోర్ట్‌కీ ఆ కెపాసిటర్‌కీ నడుమ నల్లటి డయోడ్‌గానీ, చిన్న రెసిస్టర్‌గానీ, ఫ్యూజ్‌గానీ ఉందేమో చూడండి. ఉంటే వైర్ దాని పోర్ట్ వైపు చివరకే రావాలి. దాటేసి నేరుగా ఐసీకి వేస్తే ఛార్జ్ అవుతుంది, అందుకే చాలామంది అలాగే వదిలేస్తారు. రేపు తిరగబడిన సప్లై వచ్చినా, షార్ట్ అయినా ఆపేదేమీ ఉండదు.

పోర్ట్ కొనే ముందు ఇంకో పని. పాత యూఎస్‌బీ కేబుల్ ఒకటి కోసి లోపలి ఎరుపు, నలుపు వైర్లు తీసుకోండి. చవక కేబుళ్లలో రంగులు నమ్మడానికి లేదు, అడాప్టర్‌కి పెట్టి ఏది ప్లస్సో మీటర్‌తో ఖాయం చేసుకోండి. ఆ తర్వాత అడాప్టర్ తీసేసి, వీబస్ చేరే చోటికీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్‌లు చూడండి. ఐదు ఓమ్‌ల లోపు నిలబడిపోతే అక్కడ షార్ట్ ఉంది, ఎక్కువగా ఆ ఇన్‌పుట్ కెపాసిటరే. విలువ మెల్లగా పెరుగుతూ పోతుంటే కెపాసిటర్ ఛార్జ్ అవుతోందని, అది మంచిదే. షార్ట్ లేదని తేలాక బ్యాటరీ మళ్లీ కలిపి, ఈ రెండు వైర్లతో 5 వోల్టులు ఇవ్వండి. లైట్ వెలిగి, 5వ కాలి దగ్గర వోల్టేజ్ మెల్లగా ఎక్కుతుంటే సర్క్యూట్ బాగుంది, మిగిలింది పోర్ట్ పనే. ఇక్కడే ఫెయిల్ అయితే ఎంత అందంగా పోర్ట్ వేసినా లాభం లేదు.

---

గుజరాతీగల్లీ

పైన చెప్పిన టెస్ట్ చేయకుండా పోర్ట్ కొనొద్దు అన్నా, అది వంద శాతం కరెక్ట్.

పోర్ట్ ఎంచుకునేటప్పుడు "మైక్రో యూఎస్‌బీ ఇవ్వండి" అంటే ఏదో ఒకటి ఇస్తారు. ఇవి చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, కూర్చోబెడితే కూర్చోవు. ముందు రంధ్రాల మధ్య దూరం కొలవండి. రెండు కాళ్లవాటిలో 5.9, 6.4, 7.2 మి.మీ. అనే సైజులు ఎక్కువగా దొరుకుతాయి. వెర్నియర్ లేకపోతే పాత పోర్ట్ వెంట తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూడటమే బెస్ట్. రెండోది మూతి. కొన్నిటికి మూతి అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది, కొన్నిటికి తిన్నగా ఉంటుంది. మీ క్యాబినెట్ రంధ్రం తిన్నటి మూతికి చేసినదైతే విచ్చుకున్నది పట్టదు, బోర్డు వెనక్కి జరిగిపోయి స్క్రూలు కలవవు. మూడోది, బోర్డు అంచున గాడి కోసి ఉందా? ఉంటే పోర్ట్ అందులోకి దిగి కూర్చునే రకం, అది వేరు. కాళ్లు పూర్తిగా ఎస్‌ఎండీ (రంధ్రాల్లోకి దిగకుండా బోర్డు పైనే అతికే రకం) ఉన్నది మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు, మీకు రంధ్రాలున్నాయి కాబట్టి వాటిలోకి దిగే కాళ్లున్నదే కావాలి.

హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో విడిగా దొరుకుతాయి. ఐదారు తీసుకోండి. మొదటిది పాడవడం మామూలే.

హాట్ ఎయిర్ అక్కర్లేదు. పోర్ట్ ఊడే ఉంది కాబట్టి కష్టమైన భాగం అయిపోయింది. 25 వాట్ల ఐరన్‌తో వచ్చే చిక్కు ఒక్కటే. రేకు కాళ్లు పెద్ద గ్రౌండ్ రాగికి కలిసి ఉంటాయి, అది వేడి మొత్తం లాగేస్తుంది. లెడ్ పైకి కరిగినట్టు కనిపిస్తుంది, కింద కరగదు. అప్పుడు ఓపిక పోయి నొక్కుతారు, ప్యాడ్ లేస్తుంది. నొక్కొద్దు. బిట్ కొన సూదిలా ఉంటే మార్చి, చదును కొన ఉన్నది పెట్టండి. బిట్ మీద కొంచెం కొత్త లెడ్ పెట్టి తాకిస్తే వేడి తొందరగా దిగుతుంది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మీ 60/40 అయితే 183 నుంచి 190 లోపే కరిగిపోతుంది. రెండూ కలిపితే పాతది కూడా తక్కువ వేడికే లొంగుతుంది.

మూసుకుపోయిన రంధ్రానికి: పేస్ట్ రాసి, కొత్త లెడ్ కలిపి, కింది నుంచి వేడి చేస్తూ పై నుంచి స్టీల్ సూది గానీ పళ్లపుల్ల గానీ పోనివ్వండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి లెడ్ అంటదు, అందుకే సూది సులువుగా బయటికి వస్తుంది. విక్ (కరిగిన లెడ్‌ని పీల్చే రాగి అల్లిక) వాడితే రెండు మూడు సెకన్లకి మించి ఒకేచోట ఉంచొద్దు, విక్‌ని ప్యాడ్ మీద రుద్దొద్దు. విక్ చల్లారి ప్యాడ్‌కి అతుక్కుంటే లాగకండి, మళ్లీ వేడిచేసి ఐరన్, విక్ రెండూ కలిపి ఒకేసారి ఎత్తండి.

పేస్ట్ సంగతి. చిన్న డబ్బాల్లో దొరికేవాటిలో కొన్నింట్లో జింక్ క్లోరైడ్ లాంటి ఆమ్లపు సరుకు ఉంటుంది. తగరపు రేకులకి అది బాగానే ఉంటుంది, బోర్డుకి కాదు. నెల తిరిగేసరికి కాళ్ల మధ్య పచ్చగా పడుతుంది. డబ్బా మీద రోజిన్ అనో నో క్లీన్ అనో లేకపోతే వాడకండి. సిరంజిలో వచ్చే ఫ్లక్స్ తెచ్చుకోండి.

పోర్ట్ పెట్టే వరస ఇలా ఉండాలి. నాలుగు ప్యాడ్ల మీదా పలచగా లెడ్ పూసి, విక్‌తో చదును చేయండి. గుట్టలు ఉంటే పోర్ట్ ఎత్తుగా కూర్చుంటుంది, కాళ్లు గాలిలో ఉంటాయి. ఫ్లక్స్ రాయండి. పోర్ట్ మూతికి వేడి తట్టుకునే పసుపు టేప్, కాప్టన్ అంటారు, అది అంటించండి. రంధ్రాల్లోకి కాళ్లు దింపి, బోర్డు తిప్పి, కిందివైపు నుంచి ఒక్క కాలు మాత్రం సోల్డర్ చేయండి. ఇప్పుడు లెన్స్ పెట్టి ఐదు కాళ్లూ ప్యాడ్ల మీద సరిగ్గా ఉన్నాయా చూడండి. కాలికీ కాలికీ మధ్య దూరం 0.65 మి.మీ., వెంట్రుకవాసి పక్కకి జరిగినా పక్కదానితో కలుస్తుంది. వంకరగా ఉంటే ఆ ఒక్క కాలినే వేడిచేసి సర్దొచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నాకే రెండో రేకు కాలు, ఆ తర్వాతే సన్న కాళ్లు.

సన్న కాళ్లకి వైర్ లెడ్ పెట్టొద్దు. బిట్ కొనకి చిటికెడు లెడ్ అంటించుకుని, ఫ్లక్స్ మీదుగా కాళ్ల చివర్లకి తాకిస్తే చాలు, ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు. ఎక్కువైతే లెడ్ కాలి వెంబడి పోర్ట్ లోపలికి పాకుతుంది. బయటినుంచి చూస్తే అంతా బాగుంటుంది, కేబుల్ మాత్రం సగం దాకే దూరుతుంది. లోపలి నాలుక ప్లాస్టిక్, ఎక్కువసేపు వేడి పెడితే మెత్తబడి పిన్నులు కిందికి వాలతాయి. రెండు కాళ్లు కలిసిపోతే ఇంకొంచెం ఫ్లక్స్ వేసి, తుడిచిన ఖాళీ బిట్‌తో బయటికి లాగండి, అదే విడిపోతుంది. అయ్యాక ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) కడగండి, పోర్ట్ మూతి కిందికి ఉండేలా కాదు, పైకి ఉండేలా పట్టుకుని. లేకపోతే కరిగిన ఫ్లక్స్ అంతా లోపలి పిన్నుల మీదికి దిగి ఆరిపోతుంది, అది కరెంటు పారనివ్వదు.

---

మైక్రాన్35

వైర్ గురించి, బలం గురించి రాస్తాను. ఈ రిపేరు మళ్లీ మళ్లీ ఊడేది ఈ రెండింటి దగ్గరే.

ప్యాడ్ ఎందుకు లేచింది? బోర్డు మీద రాగి పొర మామూలుగా 35 మైక్రాన్లు. ఫైబర్‌కి అది జిగురు రెసిన్‌తో మాత్రమే అంటుకుని ఉంటుంది. నిట్టనిలువునా నొక్కితే ఏమీ కాదు, ఒక అంచు పట్టి పైకి లేపితే స్టిక్కర్ లేచినట్టు లేస్తుంది. కేబుల్‌ని వంచి పట్టుకున్నప్పుడల్లా జరిగేది అదే. రేకు కాళ్ల సోల్డర్ పగిలి లూజ్ అయ్యాక, బరువు మొత్తం ఆ ఐదు సన్న ప్యాడ్ల మీద పడుతుంది. అంటే మొదట పాడయింది వీబస్ ప్యాడ్ కాదు, రేకు కాళ్లు. కొత్త పోర్ట్‌లో కూడా ముందు వాటినే పట్టించుకోవాలి.

రంధ్రంలోకి దిగే కాలు బోర్డు మందం మొత్తం దాటి వెళ్తుంది, అందుకే దానికి పట్టు ఎక్కువ. మీకు ఒక రంధ్రం పైవైపు రాగి పోయింది, కిందివైపు ఉంది అన్నారు. అది చాలు. కింద నుంచి లెడ్ నిండా పోసి, కాలి చుట్టూ కోన్ ఆకారంలో నిలిచేలా చేయండి. పైవైపు కూడా కావాలంటే పోర్ట్ రేకు పక్కన గ్రౌండ్ రాగి మీది ఆకుపచ్చ పూతని బ్లేడు కొనతో గీకండి. వెడల్పు 2, 3 మి.మీ. చాలు. నునుపైన గులాబీరంగు రాగి కనిపించగానే ఆపేయాలి, ఇంకా గీకితే 35 మైక్రాన్లూ పోతాయి. దానికి లెడ్ పూసి, రేకు పక్క అంచుతో కలిపి ఒక సీమ్‌లా సోల్డర్ చేయండి. గీకే ముందు అది గ్రౌండే అని బీప్‌తో చూసుకోండి.

ఇక వీబస్ వైర్. లావు వైర్ కావాలని చాలామంది అంటారు, లెక్క వేస్తే అక్కర్లేదు. 30 గేజ్ వైర్ అడ్డకొలత సుమారు 0.25 మి.మీ., మీటర్‌కి 0.34 ఓమ్‌ల దాకా. మీకు కావాల్సింది 3 సెం.మీ., అంటే 0.01 ఓమ్. ఒక ఆంపియర్ పారితే పోయేది 10 మిల్లీవోల్టులు. అదే 0.1 మి.మీ. ఎనామిల్ తీగ వేస్తే అదే 3 సెం.మీ.కి 65 మిల్లీవోల్టుల దాకా పోతుంది, అది డేటా లైన్లకి పెట్టుకోండి. లావు వైర్ వల్ల నిజానికి నష్టమే ఉంది. గట్టిగా ఉండి, కదిలినప్పుడల్లా కాలిని పీకుతుంది.

పోర్ట్ వీబస్ కాలి కింద ఇప్పుడు ప్యాడ్ లేదు, ఫైబర్ బయటపడి ఉంటుంది. చిరిగిన ట్రాక్ ముక్క కొన పైకి లేచి ఉంటే పదునైన బ్లేడుతో శుభ్రంగా కోసేయండి, వదిలేస్తే అది పక్క కాలికి తగులుతుంది. అక్కడ యూవీ సోల్డర్ మాస్క్ (బోర్డు మీది ఆకుపచ్చ పూత లాంటిది) ఒక చుక్క పెట్టి యూవీ టార్చ్‌తో గట్టిపరచండి, లేదా సన్నటి కాప్టన్ ముక్క. దాని మీద పోర్ట్ కూర్చోవాలి. పోర్ట్ బిగిసిన తర్వాతే వైర్ వేయండి, ముందే వేస్తే పోర్ట్ సర్దేటప్పుడు ఊడిపోతుంది. వైర్ కొన 1 మి.మీ. మాత్రమే ఒలిచి, దానికి ముందే లెడ్ పూసి, కాలి వెంబడి పొడవునా పడుకోబెట్టి తాకించండి. అడ్డంగా పెడితే డీ− కాలిని కలిపేస్తుంది. రెండో కొన కెపాసిటర్ లేదా డయోడ్ మీద. వైర్‌ని బిగించి లాగకండి, చిన్న వంపు వదలండి. వంపు దగ్గర, రెండు కొనల దగ్గర మాస్క్ చుక్కలతో బోర్డుకి అంటించేయండి. ఊగే వైర్ జాయింట్ పక్కనే తెగుతుంది, ఎందుకంటే లెడ్ పాకినంత మేరా అది బిరుసైపోతుంది.

చివరికి ఎపాక్సీ. అన్ని టెస్టులూ అయ్యాకే, ముందు కాదు. రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ బాగా పనిచేస్తుంది, పోర్ట్ వెనకా రెండు పక్కలా బోర్డుకి కలిపి పూసి 24 గంటలు వదిలేయండి. ఫెవిక్విక్ వద్దు. నీళ్లలా పలచగా ఉండి పిన్నుల మధ్యకి పాకుతుంది, ఆవిరి తెల్లటి పొడిలా కాంటాక్టుల మీద పేరుకుంటుంది, పైగా అది బిరుసు, ఒక్క కుదుపుకి పగిలిపోతుంది.

క్యాబినెట్ కూడా చూడండి. బోర్డు కూర్చునే స్క్రూ బుడిపెలు విరిగాయా? చాలా స్పీకర్లలో అసలు కారణం అక్కడే ఉంటుంది. బుడిపె విరిగి బోర్డు వెనక్కి జరుగుతుంటే, కేబుల్ గుచ్చిన ప్రతిసారీ పోర్టే తోపు తింటుంది. బుడిపెని ఎపాక్సీతో నిలబెట్టండి, లేదా బోర్డు వెనక పోర్ట్‌కి సరిగ్గా ఎదురుగా గట్టి ప్లాస్టిక్ ముక్క ఆనించి అంటించండి. తోపు బోర్డుకి కాకుండా డబ్బాకి చేరాలి.

---

కొత్త_ఐరన్

అందరికీ థాంక్స్ అండి. టెస్టులు చేశాను.

పోయింది వీబస్సే, మిగిలిన చివరి ప్యాడ్ గ్రౌండ్‌కి బీప్ వచ్చింది. సెల్ 3.41 వోల్టులు. వీబస్ ట్రాక్ తెగిన చోటు నుంచి ఎస్‌ఎస్14 అని రాసిన డయోడ్‌కి వెళ్తోంది, దాని అవతల కెపాసిటర్, 4వ కాలు. 8, 4 కలిసే ఉన్నాయి. షార్ట్ లేదు. డయోడ్‌కి పోర్ట్ వైపు 5 వోల్టులిస్తే ఎర్ర లైట్ వెలిగింది. 4వ కాలి దగ్గర 4.7 ఉంది, పది నిమిషాల్లో బ్యాటరీ 3.41 నుంచి 3.62కి ఎక్కింది. ఐసీ మీద వేలు పెడితే బాగా వేడిగా ఉంది, అది పర్లేదా? డీ+, డీ− ప్యాడ్ల నుంచి ట్రాకులేమీ లేవు.

టైప్‌-సి గురించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇప్పుడు ఛార్జర్లన్నీ టైప్‌-సినే, అందుకే అడుగుతున్నా.

---

ఐదు_వోల్టులు

వేడి మామూలే. టీపీ4056 లీనియర్ ఛార్జర్, ఇన్‌పుట్‌కీ బ్యాటరీకీ ఉన్న తేడా అంతా వేడిగానే పోతుంది. మీ లెక్కలో 4.7 లోంచి 3.6 తీస్తే 1.1 వోల్ట్, ఒక ఆంపియర్ పారితే 1.1 వాట్. ఆ చిన్న ఐసీకి అది ఎక్కువే. బ్యాటరీ నిండేకొద్దీ తగ్గుతుంది. అయినా 2వ కాలి నుంచి గ్రౌండ్‌కి ఉన్న రెసిస్టర్ మీద ఏముందో చూడండి. 122 అంటే 1.2 కిలో ఓమ్‌లు, కరెంట్ ఒక ఆంపియర్. 1200 ఎంఏహెచ్ సెల్‌కి అది గట్టి ఛార్జింగే. దాని బదులు 2 కిలో ఓమ్‌లు, అంటే 202 పెడితే 580 మిల్లీఆంపియర్లకి దిగుతుంది. టైం ఎక్కువ పడుతుంది, సెల్ ఎక్కువ కాలం వస్తుంది, ఐసీ చల్లగా ఉంటుంది. బోర్డు ఎలాగూ బయట ఉంది కదా, ఈ మార్పు చేసేయమనే అంటాను.

టైప్‌-సి విషయం. ఆ పోర్ట్ ప్యాడ్లు మీ బోర్డు ప్యాడ్లకి కలవవు, నేరుగా కూర్చోబెట్టలేరు. చిన్న బ్రేకౌట్ బోర్డు మీద ముందే సోల్డర్ చేసి వచ్చే టైప్‌-సి పోర్ట్ తీసుకుని, దాన్ని క్యాబినెట్‌కి ఎపాక్సీతో బిగించి, అక్కడి నుంచి వీబస్, గ్రౌండ్ రెండు వైర్లే మీ బోర్డుకి తేవాలి. మీకు డేటా ట్రాకులు లేవు కాబట్టి పని సులువు. పైగా ఊడిన ప్యాడ్ల మీద బరువు అసలు పడదు, ఇది పెద్ద లాభం.

అయితే బ్రేకౌట్ కొనేటప్పుడు ఒకటి చూడాలి. దాని మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి, మీద 512 అని రాసి ఉంటుంది. సీసీ1, సీసీ2 అంటే అవతల ఏం తగిలించారో ఛార్జర్ గుర్తుపట్టే కాళ్లు. ఒక రెసిస్టర్ సీసీ1 నుంచి గ్రౌండ్‌కి, రెండోది సీసీ2 నుంచి గ్రౌండ్‌కి. అవి లేకపోతే పాత పెద్ద యూఎస్‌బీ మూతి ఉన్న ఛార్జర్, ఏ-టు-సి కేబుల్‌తో పనిచేస్తుంది, ఎందుకంటే ఆ ఛార్జర్ 5 వోల్టులు ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. రెండు వైపులా టైప్‌-సి ఉన్న కేబుల్ పెడితే మాత్రం చలనం ఉండదు. టైప్‌-సి ఛార్జర్ అవతల 5.1 కిలో ఓమ్‌లు కనిపించే దాకా వీబస్ మీద కరెంటే వదలదు. కేబుల్ పాడైందనో, పోర్ట్ సరిగ్గా సోల్డర్ అవలేదనో అనుకుని మళ్లీ ఊడదీస్తారు, తప్పు అక్కడ ఉండదు.

ఒక రెసిస్టర్ మిగుల్చుకుందామని సీసీ1, సీసీ2 కలిపి ఒకే 5.1 పెట్టడం కూడా తప్పే. 2019లో వచ్చిన రాస్బెర్రీ పై 4 మొదటి బోర్డుల్లో సరిగ్గా ఇదే జరిగింది. లోపల చిప్ ఉన్న ఈ-మార్క్డ్ కేబుళ్లతో పెడితే ఛార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంట్ ఇవ్వలేదు. తర్వాతి బోర్డుల్లో దిద్దారు. రెండు కాళ్లకీ విడివిడిగా రెండు ఉండాల్సిందే.

పెద్ద ఛార్జర్ పెడితే 9, 12 వోల్టులు వచ్చేసి ఐసీ కాలిపోతుందేమోనని భయపడతారు. రాదు. అంత వోల్టేజ్ కావాలంటే పరికరం సీసీ లైన్ మీద గానీ డేటా లైన్ల మీద గానీ అడగాలి. మీ దగ్గర అడిగే చిప్పే లేదు, రెండు రెసిస్టర్లు మాత్రమే ఉన్నాయి, అవి అడిగేది 5 వోల్టులే. డీ+, డీ− ఖాళీగా వదిలేయండి. టీపీ4056 ఇన్‌పుట్ గరిష్ఠం 8 వోల్టులు కాబట్టి మామూలు 5 వోల్టుల సప్లైలో కొద్దిపాటి హెచ్చుతగ్గులు దాన్నేమీ చేయవు.

క్యాబినెట్ రంధ్రం పెంచాలి. మైక్రో పోర్ట్ మూతి దాదాపు 7.5 × 2.5 మి.మీ., టైప్‌-సిది సుమారు 9 × 3.2. సన్న ఆకురాయితో కొంచెం కొంచెంగా రాయండి. రంధ్రం ఒక్కటే చూస్తే చాలదు, కేబుల్ ప్లాస్టిక్ తల కూడా దగ్గరికి రావాలి. స్టాండర్డ్ ప్రకారం అది 12.35 × 6.5 మి.మీ. దాకా ఉండొచ్చు. క్యాబినెట్ గోడ మందంగా ఉండి పోర్ట్ లోపలికి ఉంటే, తల గోడకి తగిలి ప్లగ్ పూర్తిగా దిగదు. పోర్ట్ మూతి గోడ బయటి అంచుతో సమానంగా వచ్చేలా బిగిస్తే ఆ గొడవే ఉండదు.

మీకు నా సలహా టైప్‌-సినే. వైర్లు 28 గేజ్‌వి, 5 సెం.మీ. మించకుండా.

---

గుజరాతీగల్లీ

ఒప్పుకుంటా, డేటా ట్రాకులు లేనప్పుడు టైప్‌-సినే మేలు. ఒక్కటి మర్చిపోవద్దు అన్నా. బ్రేకౌట్‌ని అంటించే ముందు దాని వెనక సోల్డర్ కాళ్లు పొడుచుకొచ్చి పౌచ్ సెల్‌కి తగులుతున్నాయేమో మూత బిగించి మరీ చూడు. తగిలితే ఆ కాళ్లు కోసి, మీద కాప్టన్ రెండు పొరలు వెయ్. స్పీకర్ ఊగే వస్తువు, సెల్ పొర పలచటిది, నెల రోజుల్లో రంధ్రం పడుతుంది.

---

రాగితీగ

మీ రీడింగులు బాగున్నాయి. 5 నుంచి 4.7కి తగ్గింది కదా, ఆ 0.3 డయోడ్‌ది. ఎస్‌ఎస్14 షాట్కీ, దానికి అంత తగ్గడం సహజం, జాయింట్ లోపం కాదు.

అంతా బిగించాక, ఎపాక్సీ పెట్టకముందు ఒక చెక్ చేయండి. ఛార్జింగ్ అవుతుండగా మీటర్ ప్రోబులు 4వ కాలికీ గ్రౌండ్‌కీ ఆనించి ఉంచి, కేబుల్‌ని నాలుగు వైపులా మెల్లగా వంచండి. 4.7 దగ్గర కదలకుండా నిలిస్తే సరే. 0.1 కంటే ఎక్కువ ఊగితే ఎక్కడో డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని జాయింట్) ఉంది. వంచే ముందు ప్రోబుని వీబస్ వైర్ మొదట, తర్వాత చివర, తర్వాత డయోడ్ అవతల అలా మార్చుకుంటూ వెళ్తే ఊగడం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది, ఆ జాయింట్ ఒక్కటే మళ్లీ చేస్తే చాలు. గ్రౌండ్ వైపు కూడా ఇలాగే చూడాలి. చాలామంది ప్లస్ మాత్రమే చూసి వదిలేస్తారు.

ఈ చెక్ పాత కేబుల్‌తో చేయకండి. పోర్ట్‌ని లూజ్ చేసిన కేబుల్ మూతి కూడా అరిగి ఉంటుంది, దానితో కొత్త పోర్ట్ కూడా ఊగినట్టే కనిపిస్తుంది.